రికార్డు గదిలో ఎండ

గట్ల గణన శాఖవారి డివిజనల్ కార్యాలయంలో ఎండ మేడ మీదివాళ్ళ సొత్తు. కింద ఉన్న రికార్డు గదికి కిటికీ లేదు. కట్టినప్పుడు ఉండేదట. దాంట్లోంచి ఒక మేక తల దూర్చి నాలుగో నంబరు రిజిస్టరును సగం నమిలేసిందని, అప్పటి అధికారి మండిపడి కిటికీని ఇటుకలతో పూడ్పించేశారని చెబుతారు.

డివిజనులోని పొలాలకు ఎన్ని గట్లు ఉన్నాయో ఏటేటా లెక్కపెట్టి పుస్తకాల్లో రాయడం ఆ శాఖ పని. ఎందుకు లెక్కపెడతారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు.

ఆ పుస్తకాలకు కుడిపూడి తాతబ్బాయి ఇరవై రెండేళ్ళుగా కాపలా. రికార్డు కీపరు అని ఉద్యోగం పేరు. పొద్దున్న పదింటికి గదిలోకి దూరితే సాయంత్రం అయిదింటికి బయటపడతాడు. టీ కోసం కూడా గడప దాటడు; భార్య లోవలక్ష్మి ఫ్లాస్కులో పోసి పంపిస్తుంది. ఇన్నేళ్ళలో అతని పేరు మీద ఒక్క మెమో లేదు. అంత ఒద్దికగా ఉండటానికి కారణం ఒకటుంది. మేడ మీద సీనియర్ అసిస్టెంటు కుర్చీ జూన్ ఒకటిన ఖాళీ అవుతుంది, మచ్చలేనివాడికే దాన్ని ఇస్తారు. జీతం పెరిగేది అంతంతమాత్రమే. కానీ ఆ కుర్చీ పక్కన కిటికీ ఉంది. కిటికీలోంచి ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు కనిపిస్తుంది. ఒకసారి సంతకం కోసం మేడెక్కినప్పుడు తాతబ్బాయి ఆ చెట్టు మీద ఉడతను చూశాడు. అప్పటినుంచి అతనికి ఆ కుర్చీ మీద మనసు పడిపోయింది.

మే నెల మొదట్లో డివిజనల్ అధికారి విఠలేశ్వర్రావుగారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు 'క్రిమిరహిత కార్యాలయం' అనే ఉత్సాహాన్ని వెంటబెట్టుకొచ్చారు.

"మిత్రులారా, క్రిములు ఎక్కడుంటాయి?" అని సిబ్బంది సమావేశంలో గంభీరంగా అడిగారు.

ఎవరికి వారు తమ బల్ల కిందికి చూసుకున్నారు.

"పాత కాగితంలో! కావున శాఖాపరమైన క్రిములన్నీ రికార్డు గదిలోనే కేంద్రీకృతమై ఉన్నాయి. అచ్చట అతినీలలోహిత దీపములు అమర్చుటకు ఆమోదం లభించినది. మన డివిజను రాష్ట్రంలో మొదటి స్థానము పొందవలెను."

నాలుగు గొట్టం దీపాలు వచ్చాయి, రికార్డు గది కప్పుకు వేలాడాయి. స్విచ్చి మాత్రం మేడ మీద అధికారిగారి గదిలో పెట్టారు. కింద దుమ్ము కాబట్టి ఆయన కిందికి దిగరు, ఆయన నొక్కకపోతే ప్రారంభోత్సవం కాదు. ఆయన వచ్చాక పదింటికి నొక్కితే దీపాలు వెలగాలి, నాలుగింటికి ఆయన వెళ్ళేటప్పుడు ఆరాలి. క్రిములకు కూడా అవే పనివేళలని తేల్చారు.

మొదటిరోజు తాతబ్బాయికి భలే సరదా వేసింది. గదంతా నీలం వెలుగు, పెళ్ళిపందిట్లో కూర్చున్నట్టుంది. పైగా దీపాలు చల్లగా ఉన్నాయి, ఉక్కపోత కూడా పెరగలేదు. 'ఇన్నాళ్ళకు నన్ను కూడా ఒక మనిషిగా చూశారు' అనుకుని చొక్కా చేతులు మడిచి రిజిస్టర్లు సర్దుకున్నాడు.

సాయంత్రం ఏడింటికి ఇంట్లో పళ్ళెం ముందు కూర్చున్నాడో లేదో, ముఖం భగ్గుమంది, కళ్ళు గరగరలాడాయి. లోవలక్ష్మి గరిటె పట్టుకునే ఆగిపోయింది.

"అదేంటండీ, మొహం చింతనిప్పులాగైపోయింది! ఎక్కడ తిరిగొచ్చారు?"

"ఎక్కడికీ ఎల్లలేదే. గదిలోనే ఉన్నాను."

"గదిలో ఉన్నోళ్ళు ఇలా కాల్తారేంటండీ? మెడ చూడండి, కాలరు కింద తెల్లగా, పైన ఎర్రగా. నిజం చెప్పండి, ఎవరి పొలం గట్టు మీద కూచున్నారు?"

కట్టుకున్న ఇల్లాలే నమ్మలేదు, ఇక శాఖ నమ్ముతుందా? మర్నాడు హాజరుపట్టీలో సంతకం పెడుతుండగా సూపరింటెండెంటు అన్నపూర్ణయ్యగారు అతని ముఖాన్ని కళ్ళజోడు పైనుంచి ఒకసారి, లోపలినుంచి ఒకసారి చూశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆఫీసులో ప్రతి కాగితానికీ చిత్తు రాసింది ఆయనే.

"ఏమయ్యా తాతబ్బాయ్, నిన్న బయట తిరిగావా?"

"లేదండి. ఆ దీపాల వల్లేమోనండి."

"దీపాలు వేడిగా ఉన్నాయా?"

"లేదండి, చల్లగానే ఉన్నాయండి."

"వేడి లేనిది కాలుస్తుందా? అవి క్రిముల్ని చంపుతాయి. నువ్వు క్రిమివేంటయ్యా?"

మధ్యాహ్నానికి మెమో వచ్చింది.

'విషయము: పనివేళలలో ఎండయందు సంచరించుట గురించి. రికార్డు కీపరు శ్రీ కె. తాతబ్బాయి ముఖము, మెడ, ముంజేతులు ఎర్రబడిన స్థితిలో హాజరైనట్లు గమనించడమైనది. రికార్డు గదికి కిటికీ లేనందున అచ్చట ఎండ తగులుటకు అవకాశము లేదు. కావున సదరు ఉద్యోగి ఆరుబయట సంచరించినట్లు రుజువగుచున్నది. ఎర్రబడిన ముఖమున్న చోట వేరు సాక్ష్యము అవసరము లేదు. మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను.'

కింద విఠలేశ్వర్రావుగారి ఆకుపచ్చ సిరా సంతకం. నకలు రాజధానిలోని డైరెక్టరుగారికి.

తాతబ్బాయికి ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఎండ ముఖం చూడకుండా బతికినవాడిని పట్టుకుని ఎండలో తిరిగావంటే రాదా మరి! ఇంకో మూడు వారాలుంటే కిటికీ పక్కన కూర్చునేవాడు. ఈ మెమో అలాగే ఉంటే ఆ కుర్చీ చేజారినట్టే. ముఖం మంట కన్నా ఈ మంట ఎక్కువైంది.

లోవలక్ష్మి ముఖానికి కలబంద గుజ్జు రాసి, చెయ్యి పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. చర్మవ్యాధుల డాక్టరు రెజీనాగారు ఒక్క చూపు చూశారు.

"ఎప్పుడు మొదలైంది?"

"రాత్రి భోజనాల ముందండి. ఆఫీసులో కొత్తగా క్రిముల్ని చంపే దీపాలు పెట్టారండి. వాటి కింద ఉన్నంతసేపూ బానే ఉన్నానండి."

"అదే దీని గుణం. ఎండలో మనల్ని కాల్చేది వేడి కాదు తాతబ్బాయిగారూ, కంటికి కనపడని అతినీలలోహిత కాంతే. మీ ఆఫీసువాళ్ళు దాన్ని పనిగట్టుకుని కొని మీ నెత్తిన వేలాడదీశారు."

"మరి అప్పుడే మంట పుట్టలేదేంటండీ?"

డాక్టరుగారు తన ముంజేతి మీద వేలు పెట్టి చూపించారు. "చర్మమంటే కణాలండి, ఇటుకల్లా వరసగా ఉంటాయి. ప్రతి కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ అని కొన్ని పోగులుంటాయి. ఈ కాంతి పడితే అవి దెబ్బతింటాయి. దెబ్బతిన్న కణం చచ్చిపోతూ ఆ పోగుల్ని బయటికి వదిలేస్తుంది. అవి పక్కనున్న మంచి కణాలకు తగులుతాయి. 'అయ్యో, మనవాడు పోయాడు' అని అవి గోల మొదలెడతాయి. ఆ గోలకు రక్తం పరిగెత్తుకొస్తుంది, ఎర్రబడుతుంది, వాస్తుంది. ఇదంతా జరిగి పైకి కనపడటానికి కొన్ని గంటలు పడుతుంది."

"అంటే అరిచేది దెబ్బ తగిలినోడు కాదన్నమాట, పక్కింటోళ్ళు," అంది లోవలక్ష్మి.

"సరిగ్గా చెప్పారమ్మా. చచ్చినదాన్ని తీసి శుభ్రం చెయ్యాలంటే ఎవరో ఒకరు అరవాలి కదా," అని డాక్టరుగారు అదంతా ఒక సర్టిఫికెట్టు మీద రాసిచ్చారు. "ముందు ఆ దీపాలు ఆపించండి."

"స్విచ్చి మేడ మీదుందండి," అన్నాడు తాతబ్బాయి. డాక్టరుగారికి అర్థం కాలేదు. ఆఫీసులో పనిచేసేవాళ్ళకైతే అర్థమయ్యేది.

సెలవు అడిగితే ఇవ్వలేదు. మెమో ఉన్న ఉద్యోగి అది తేలేదాకా తన స్థానాన్ని వదలకూడదట. అందుకని తాతబ్బాయి పొడుగు చేతుల చొక్కా తొడిగి, చేతులకు మేజోళ్ళు వేసి, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టి, గదిలో నల్ల గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళు తెచ్చిన అటెండరు నూకరత్నం గుమ్మంలోనే గుండె పట్టుకుంది.

"ఓలమ్మో! గదిలో వాన కురుస్తోందేంటండీ తాతబ్బాయిగారూ?"

"ఎండ కాస్తోందమ్మా. లోపలికి రాకు. చెంబు అక్కడ పెట్టెయ్."

అలా గొడుగు కింద కూర్చునే అతను వెతకడం మొదలుపెట్టాడు. ఆ ఆఫీసు గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అక్కడ ఏదీ పోదు, చదవకుండా పడి ఉంటుంది అంతే. దీపాల పెట్టెలో వాడుక విధానం చెప్పే కాగితం వచ్చే ఉంటుంది, ఎవరో ఒకరు దాన్ని ఫైలులో కట్టి కిందికి పంపే ఉంటారు. ముందుగా మేక మీది మెమో దొరికింది: 'సదరు మేక సంజాయిషీ ఇవ్వనందున కిటికీ మూసివేయడమైనది.' తాతబ్బాయి దాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. రెండోరోజు కావలసిన కాగితం దొరికింది. మొదటి వాక్యమే ఇలా ఉంది: 'దీపాలు వెలుగుతుండగా ఆ గదిలో మనుషులు ఉండరాదు.' దాని అంచున అయిదుగురు 'చూశాను' అని పొట్టి సంతకాలు పెట్టారు. అన్నిటికన్నా పైన ఉన్నది ఆకుపచ్చ సిరాది.

సర్టిఫికెట్టునూ ఈ కాగితాన్నీ కలిపి తాతబ్బాయి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. దాంతో అయిపోవలసిన కథే. కానీ సంజాయిషీ బాగుంటే విచారణ జరపాలని ఆ శాఖలో ఆనవాయితీ.

ముగ్గురితో కమిటీ వేశారు. అధ్యక్షులు విఠలేశ్వర్రావుగారు, సభ్యులు అన్నపూర్ణయ్యగారు. మూడో ఆయన సూర్యచంద్రరావుగారు, పక్క ఆఫీసు నుంచి అరువు తెచ్చుకున్న ఇంజనీరు. సాంకేతిక సభ్యుడిగా కూర్చుంటే చాలు, నోరు విప్పనక్కర్లేదని ఆయనకు ముందే చెప్పారు. విచారణ సంఘటన స్థలంలోనే జరగాలని నిబంధన. అందుకని బల్లా కుర్చీలూ రికార్డు గదిలోకి దింపారు.

"అయ్యగారూ, దండం పెడతాను, దీపాలు ఆపించి కూర్చోండి. కాదంటే ఈ గొడుగులైనా వేసుకోండి," అన్నాడు తాతబ్బాయి. పాపం, ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి ఇంకో మూడు గొడుగులు అరువు తెచ్చాడు.

"దీపాలు ఆపితే విచారణకు విషయమేమి మిగులును?" అన్నారు విఠలేశ్వర్రావుగారు, దుమ్ముకు ముక్కూ నోరూ కప్పేలా చేతిరుమాలు కట్టుకుంటూ. "పైకప్పు గల గదిలో గొడుగు విప్పుట క్రమశిక్షణారాహిత్యము. రాసుకోండి."

అన్నపూర్ణయ్యగారు రాసుకుని, సర్టిఫికెట్టు ఎత్తుకున్నారు.

"దెబ్బ తగిలింది ఏ కణానికో, ఫిర్యాదు చేసింది వేరే కణం. అంతేనా?"

"అంతేనండి. దెబ్బతిన్నది చచ్చిపోయిందండి."

"బాధితుడి సంతకం లేని ఫిర్యాదు ఎలా చెల్లుతుందయ్యా? పైగా పక్క కణాలకు చెప్పుకోవడమేంటి? పై అధికారి ద్వారా రావద్దూ?"

"ఒంటికి పై అధికారంటే బుర్రే కదండీ," అన్నాడు తాతబ్బాయి వినయంగా. "దానికి అందరికన్నా ఆఖర్న తెలుస్తుందండి."

గుమ్మం అవతల నూకరత్నం కిసుక్కున నవ్వింది. అధ్యక్షులవారు రుమాలు సర్దుకున్నారు.

"మరి ఈ వాడుక కాగితం చూడండయ్యా. మీ సంతకం కూడా ఉందండి."

"అది రికార్డు. రికార్డులు ఎవరి అధీనంలో ఉన్నాయి?"

"నా దగ్గరేనండి."

"ముద్దాయి అధీనంలోని సాక్ష్యము సాక్ష్యము కానేరదు," అన్నారు విఠలేశ్వర్రావుగారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు తాతబ్బాయి ఇంకో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. పదకొండింటికి మొదలైన విచారణ ఒంటిగంటకు ముగిసింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు పరీక్షగా చూసుకున్నారు. ఎవరూ ఎర్రబడలేదు. దీపములు నిరపాయకరమని, ముద్దాయి ఆరుబయట సంచరించినాడని, పదోన్నతి జాబితా నుంచి అతని పేరు తీసివేయవలెనని రాసి సంతకాలకు సిద్ధం చేశారు.

"సాయంత్రం దాకా ఆగండయ్యా. రాత్రికి మీకే తెలిసిపోద్ది. రేపు పొద్దున్న పెడుదురుగాని సంతకాలు!" అని బతిమాలాడు తాతబ్బాయి.

"సాయంత్రం అయిదు తర్వాత జరుగు విషయములు శాఖ పరిధిలోకి రావు," అన్నారు విఠలేశ్వర్రావుగారు. సంతకాలైపోయాయి. నివేదిక ఆ మధ్యాహ్నమే రాజధానికి వెళ్ళిపోయింది.

ఆయన చర్మానికి మాత్రం శాఖ పరిధి ఎంతవరకో తెలీదు. అది తన పని తాను చేసుకుపోయింది.

మర్నాడు పొద్దున్న ముగ్గురూ ఆఫీసుకొచ్చిన తీరు చూసి తీరవలసిందే. విఠలేశ్వర్రావుగారి నుదురూ చెవులూ దానిమ్మపండు రంగులో ఉన్నాయి, రుమాలు కట్టినంత మేర తెల్లగా మెరిసిపోతోంది. అన్నపూర్ణయ్యగారి ముఖమంతా ఎరుపు, కళ్ళజోడు ఉన్నచోట రెండు తెల్లటి గుండ్రాలు. కళ్ళజోడు లేని సూర్యచంద్రరావుగారు కళ్ళలో ఇసుక పోసినట్టుందంటూ గోడ పట్టుకుని వచ్చారు. మెట్ల దగ్గర నూకరత్నం ఎదురైంది.

"అయ్యో అయ్యగారూ, మీరు కూడా ఎండలో తిరిగొచ్చారేంటండీ!"

ఆఫీసంతా ఫైళ్ళలో తలలు దూర్చింది. ఆ తలలు నవ్వు ఆపుకోలేక ఊగుతున్నాయి.

అంతలో పదకొండింటికి డైరెక్టరుగారితో వీడియో సమావేశం. తెర మీద మూడు ఎర్రటి ముఖాలు చూసి డైరెక్టరుగారు ముందు టీవీ రంగు సరిచేయించారు. అయినా మారలేదు.

"విచారణ రోజున ముగ్గురూ ఎక్కడ తిరిగారు?"

"రికార్డు గది విడిచి ఎచ్చటికీ పోలేదు సార్."

"ఆ గదిలో ఎండ తగిలే అవకాశం లేదని మీరే కదా రాశారు? 'ఎర్రబడిన ముఖమున్న చోట వేరు సాక్ష్యము అవసరము లేదు' అని కూడా ఇక్కడుంది. బాగా రాశారు. నాలుగింటిలోగా ముగ్గురి సంజాయిషీలూ నా ముందుండాలి."

తెర ఆరిపోయింది. విఠలేశ్వర్రావుగారు తాతబ్బాయిని పిలిపించారు. కక్కలేక మింగలేక ఉన్న ఆ ముఖాన్ని చూస్తే తాతబ్బాయికి కోపం రాలేదు, జాలేసింది. జేబులోంచి కలబంద ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది రాసుకోండయ్యా, సల్లగా ఉంటుంది. దీపాలది తప్పని ఒక్క ముక్క రాసేస్తే అందరం బయటపడిపోతామండి."

"ఎలా రాస్తానయ్యా? దీపాలది తప్పంటే కొనడం తప్పు, ప్రారంభించడం తప్పు, 'చూశాను' అనడం తప్పు. ఇన్ని తప్పులు ఒకే శాఖలో ఉండొచ్చునా?" అంటూనే ఆయన కలబంద ముక్కను నుదుటికి రాసుకున్నారు.

అన్నపూర్ణయ్యగారు తెల్లటి గుండ్రాల మధ్య కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు.

"దీపాలది తప్పు కాదు. మనం రాసిన మెమో తప్పు కాదు. మన ముఖాలు ఎర్రగా ఉన్నాయి, అదీ కాదనలేం. ఇక మిగిలింది ఏది సార్?"

"ఏది?"

"గది."

మూడున్నరకు ఉత్తర్వు వెలువడింది. 'ఎండ తగులు ప్రదేశము ఆరుబయలు అగును. రికార్డు గదిలో ఎండ తగులుచున్నట్లు నలుగురు ఉద్యోగుల ముఖములు రుజువు చేయుచున్నవి. కావున సదరు గది, నాలుగు గోడలు మరియు పైకప్పు ఉన్నప్పటికిని, ఇందుమూలముగా ఆరుబయలుగా ప్రకటించడమైనది. తన స్థానమును విడువకయే ఆరుబయట ఉన్నందున శ్రీ తాతబ్బాయిపై మెమో ఉపసంహరించడమైనది.' డైరెక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి, ఎక్కడా తప్పు పట్టలేక ఆమోదించారు.

ఒక్కసారి ఆరుబయలు అయ్యాక దానికి తగిన మర్యాదలన్నీ రావాలి కదా. రికార్డు గది గుమ్మంలో చలివేంద్రం వెలిసింది; విఠలేశ్వర్రావుగారు మేడ మీదినుంచే రిబ్బను కత్తిరించారు. తాతబ్బాయికి రోజూ గ్లాసుడు మజ్జిగ, వడదెబ్బ తగలకుండా జేబులో వేసుకోవడానికి ఒక ఉల్లిపాయ మంజూరయ్యాయి. అతను తెచ్చుకున్న గొడుగుకు ప్రభుత్వ ముద్ర పడింది. అన్నిటికీ చివర వేసవి నియమం కూడా వచ్చింది: ఆరుబయట పనిచేసే సిబ్బంది పగలు పది నుంచి నాలుగు వరకూ ఎండలో ఉండరాదు, సమీపంలోని నీడలో పని చేసుకోవాలి.

రికార్డు గదికి సమీపంలో నీడ ఎక్కడుందని అన్నపూర్ణయ్యగారు టేపు పట్టి కొలిపించారు. గదిలో ఎక్కడా లేదు. పదిహేడు అడుగుల దూరంలో, ఆవరణలో, నిద్రగన్నేరు చెట్టు కింద ఉందని తేలింది.

ఆ నాటినుంచి పదింటికి మేడ మీద స్విచ్చి పడేసరికి తాతబ్బాయి కావలసిన రిజిస్టర్లు తీసుకుని బయటికి వచ్చేస్తున్నాడు. మనిషి లేని గదిలో దీపాలు హాయిగా క్రిముల్ని చంపుకుంటున్నాయి. ఆ కాగితంలో మొదటి వాక్యం చెప్పింది కూడా అదే. అక్కడికి చేరడానికి శాఖకు పద్నాలుగు కాగితాలూ నాలుగు ముఖాలూ పట్టాయి.

జూన్ ఒకటి వచ్చింది. మెమో లేదు గనుక సీనియర్ అసిస్టెంటు కుర్చీ తాతబ్బాయిదే అన్నారు. లోవలక్ష్మి పాయసం వండింది. అతను తల దువ్వుకుని మేడెక్కాడు. కుర్చీ ఉంది. పక్కన కిటికీ కూడా ఉంది, కానీ దాని రెక్కలకు మేకులు కొట్టి నల్ల అట్టలు అంటించి ఉన్నాయి. ముఖాలు కాలినప్పటినుంచి విఠలేశ్వర్రావుగారు ఎండంటే హడలిపోయి, ముందురోజు సాయంత్రమే 'శాఖాపరమైన ఎండ నివారణ' కింద మేడ మీది కిటికీలన్నీ మూయించేశారు. చీకట్లో ఉద్యోగులు మసగ్గా కనిపిస్తున్నారు.

తాతబ్బాయి ఆ కుర్చీని ఒకసారి ప్రేమగా తడిమి, కిందికి దిగి, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాడు: 'అయ్యా, తమ దయకు కృతజ్ఞుణ్ణి. బయట పని ఎక్కువగా ఉన్నందున మేడ మీదికి రాలేను.'

గోడ గడియారం పది కొట్టింది. గుమ్మంలో నూకరత్నం కేకేసింది.

"తాతబ్బాయిగారూ, లోపల ఎండెక్కిపోతోంది! బయటికి పదండి!"

అతను ఫ్లాస్కు చంకన పెట్టుకుని, నాలుగో నంబరు రిజిస్టరు తీసుకుని చెట్టు కిందికి నడిచాడు. పైన కొమ్మ మీద ఉడత ఒకటి తోకెత్తి అతనికేసి చూసింది. గొడుగు మాత్రం గదిలోనే వదిలేశాడు. బయట దాంతో పనేముంది?